ఫ్లెక్సీ మీద మగ్దలేనే మరియ

మా చర్చి గోడకు ఆ బొమ్మ వేలాడదీసిన రోజు నుంచి నాకు కుదురు లేదు.

బొమ్మ బైబిల్లో యేసు వెంట నడిచిన మగ్దలేనే మరియది. ఇటలీ దేశంలో ఐదారు వందల ఏళ్ల కిందట ఎవరో గీశారట. మా పాస్టరు అయ్యగారు దాన్ని ఫోన్‌లో చూసి, కల్లూరులో ఫ్లెక్సీ కొట్టించి, చుట్ట చుట్టుకుని బస్సులో మా కోసిగికి తెచ్చారు. తలుపంత ఉంది. ఏడుస్తున్న మరియ, ఆమె పక్కన ఒక పుర్రె. అసలు బొమ్మలో మరియ భుజాలు బోసిగా ఉంటాయట, జుట్టే ఆమె ఒంటిని కప్పుతుంది. చర్చిలో అది బాగుండదని అంగడివాళ్లతో కంప్యూటర్లో తెల్ల కొంగు కప్పించారు. ఆ కొంగు మరీ కొత్తగా, అప్పుడే ఇస్త్రీ మడత విప్పినట్టు ఉంది. కింద ఎర్రటి అక్షరాలతో ‘పశ్చాత్తాపము’ అని రాయించారు.

నాకు చదువొచ్చింది యాభై దాటినాక, అదీ బైబిలు మీదే, అక్షరం కింద వేలు పెట్టుకుని. ఆ ఒక్క మాటా కూడబలుక్కుని చదివేసరికి అయ్యగారు నా పక్కకు వచ్చి నిలబడ్డారు.

“స్త్రీల సమాజంలో పెద్దదానివి నువ్వే గదమ్మా. ప్రభువు బల్ల ఇచ్చే ఆదివారం లోపల మీ పాపకు ఈ బొమ్మ చూపించు. నాలుగు మాటలు చెప్పి సిద్ధం చెయ్యి” అన్నారు.

పాప అంటే మా చెల్లెలి కూతురు. చెల్లెలు పోయినాక నా దగ్గరే పెరిగింది. వానలు లేని ఏడు ఊళ్లోవాళ్లతో కలిసి గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి పోయి, కోతలు అయిపోయినా తిరిగి రాలేదు. అక్కడ ఒకతనితో పెళ్లి లేకుండా కాపురం చేసింది. అతను వదిలేసి పోతే ఒక్కతే వచ్చింది. సంఘ పెద్దలు ఆమెకు ప్రభువు బల్ల ఆపేశారు. అందరూ రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటుంటే ఆమె వెనక చాప మీద తల వంచుకుని కూర్చోవాలి. బల్ల లేనిదాన్ని ఎవరింట్లో ప్రార్థన పెట్టినా పిలవరు. మళ్లీ చేర్చుకోవాలంటే మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. ముందుకు వచ్చి, జనం వైపు తిరిగి, చేసింది సొంత నోటితో చెప్పాలి. అట్లా నిలబడిన ఆడవాళ్లను చాలామందిని చూశాను. మగవాళ్లు నిలబడింది మాత్రం నాకు గుర్తు లేదు.

శుక్రవారం చర్చిలో ఆడవాళ్ల కూటంలో ప్రార్థన కంటే బొమ్మ గురించే మాటలు ఎక్కువయ్యాయి.

“తలకు పోసుకోని ఆరబెట్టుకుంటాండాది” అంది ఒకామె.

“ఆరబెట్టుకునేదానికి ఏడుపెందుకే?”

“కుంకుడుకాయ రసం కండ్లల్లో పడిందేమో!”

“ఆ చేతులు సూడు. ఒక్క పొద్దన్నా కలుపు తీసినట్టుండాయా?”

“ఆ పుర్రె యాడిది మల్ల?”

“మొగునిదేమో!”

చర్చి కప్పు ఎగిరిపోయేట్టు నవ్వారు. మా వియ్యపురాలికి మాత్రం నవ్వు రాలేదు. “నవ్వులాట గాదు. ఆయమ్మ చెడ్డ నడతది. ఎంత ఏడిస్తే కండ్లు అట్ల ఎర్రగైనాయో సూడండి. పాప గూడా ఆదివారం అట్ల ఏడిస్తే పెద్దోళ్ల మనసు కరుగుతాది” అంది.

పాప వెనక కూర్చుని చాప అంచు గిల్లుతోంది. తల ఎత్తలేదు.

ఇంటికి పోయి బైబిలు తీశాను. ఏడు దయ్యాలు వదిలిపోయిన మగ్దలేనే మరియ అని ఉంది. ఆమె ఏం చేసిందో లేదు. కన్నీళ్లతో యేసు పాదాలు తడిపిన పాపాత్మురాలు ఉంది, ఆమెకు పేరు లేదు. ముందుకూ వెనక్కూ తిప్పాను. కూర్చోబుద్ధి కాలేదు. పొయ్యి ముట్టించి, అన్నం ఎసరు పెట్టకుండానే అయ్యగారి ఇంటికి పోయి, ఈ ఇద్దరూ ఒకరు కాదు గదా అని అడిగాను.

“అది నాకూ తెలుసమ్మా” అన్నారాయన. “వెనకటినుంచీ ఇద్దరినీ కలిపి ఒకరే అనుకుంటున్నారు. బొమ్మ గీసినాయనా అట్లే అనుకున్నాడు.”

“అయితే ఆయమ్మ ఏం తప్పు చేసిందో మనకు తెలీదు గదా అయ్యగారూ. ఏమని చూపియ్యాల పాపకు?”

“పశ్చాత్తాపం చూపియ్యమ్మా” అని ఆయన పుస్తకంలో తల పెట్టుకున్నారు.

శనివారం పాప టమోటా కోతకు పోయి వచ్చింది. చేతులు కడుక్కోనిచ్చి, చర్చికి పిలుచుకుపోయాను. లోపల ఎవరూ లేరు. ఫ్యాను గాలికి ఫ్లెక్సీ గోడకు కొట్టుకుంటోంది.

“చూడు” అన్నాను.

“ఏం సూడాల పెద్దమ్మా?”

“ఎట్ల ఏడుస్తాందో చూడు.”

చాలాసేపు చూసింది. టమోటా ఆకు పసరు ఇంకా గోళ్లలో నల్లగా ఉంది. ఎడమ వైపున పరిమళ తైలం బుడ్డి, ఇటు పక్క పుర్రె, పుర్రెకు ఆనించిన పుస్తకం. మరియ కళ్లు పైకి ఉన్నాయి.

“ఆయమ్మ మన తట్టు సూస్తా లేదు” అంది.

“పైకి చూస్తాంది. దేవుని తట్టు.”

“చుట్టూ ఎవురన్నా ఉండారా పెద్దమ్మా? పెద్దోళ్లు? జనం?”

“లేరు.”

“మరి ఆయమ్మను ఎవురు నిలబెట్టినారు?”

నేను మళ్లీ బొమ్మ వైపు తిరిగాను. ఆ పుస్తకం తెరిచి ఉండడం నేను ముందే చూశాను. నేనూ అట్లాగే చదువుతూ చదువుతూ ఏదో మాట తగిలితే తల ఎత్తుతాను. ఆ నిమిషంలో ఇంట్లో ఎవరన్నా నా ముఖంలోకి తొంగి చూస్తే ఒళ్లు మండుతుంది. ఇక్కడ తొంగి చూసేది మేమే. కుంకుడుకాయ అని నవ్వింది మేము, కొంగు కప్పింది మేము.

“నీకు ఇష్టం లేకుంటే నిలబడొద్దు. నేను చెప్తాలే వాళ్లకు” అన్నాను.

“నాకు బల్ల కావాల పెద్దమ్మా” అంది.

ఆదివారం అయ్యగారు పిలిచారు. పాప వెనక చాప మీద నుంచి లేచి, కొంగు తల మీదికి లాక్కుని, మా మధ్య నుంచి నడిచి ముందుకు పోయింది. పోయి, తిరగలేదు. మాకు వీపు పెట్టి, బల్ల వైపే నిలబడింది.

“ఇట్ల తిరుగమ్మా, జనం తట్టు” అన్నాడు ముందు కుర్చీలో ఉన్న పెద్దాయన.

తిరగలేదు. ఆయన మళ్లీ అన్నాడు. నా పక్కనున్న వియ్యపురాలు “చెప్పలేదా దానికి?” అని నన్ను మోచేత్తో పొడిచింది. పాప తల పైకెత్తింది. పెదవులు కదిలినట్టు వెనక నుంచి దవడను బట్టి తెలిసింది. మాట వినబడలేదు. అయ్యగారికైనా వినబడిందో లేదో. ఆయన పెద్దలను ఒకసారి చూశారు. తర్వాత ఎవరినీ అడగకుండా రొట్టె తుంచి ఆమె చేతిలో పెట్టారు.

ఆ పెద్దాయన కండువా దులుపుకుని బయటికి పోయాడు. మిగిలినవాళ్లు కూర్చున్నారు.

ఇంటికి వచ్చి ఇద్దరమూ సంగటి తిన్నాం. ఆమె మామూలుగానే తింది, ఉల్లిపాయ కూడా అడిగింది. నేను మాత్రం ముద్ద చేతిలో పట్టుకుని ఆమె నోటి వైపే చూస్తూ కూర్చున్నాను. ఏమని చెప్పింది? అడగకూడదని తెలుసు. అయినా ఈ రోజుకూ, ఆమె ఎదురుపడిన ప్రతిసారీ, అడగాలని నా నాలుక దురదపెడుతూనే ఉంది.