బండ పెచ్చులే అని చెప్పాం

దసరా రోజు పొద్దున నా కుడి పిక్కలో ఒక్కసారిగా సూదులు దిగినట్టయింది. నొప్పి కంటే ముందు చెవులు గుయ్యిమన్నాయి. కిందికి చూస్తే చీర అంచుకు చిన్న చిన్న చిల్లులు, కాలి మీద సన్నగా రక్తం. పూజకు పెట్టిన ట్రాక్టరు తాళాలు, కొడవళ్లు, పారలు ఎక్కడివక్కడే ఉన్నాయి. తుపాకీ మాత్రం మా ఆయన చేతుల్లో ఉంది.

మాది బోధన్ దగ్గర చెరుకు వేసే ఊరు. అడవి పందులు దిగిన చేను తెల్లారేసరికి నేలమట్టమవుతుంది. అందుకని మా మామ కాలం నుంచి ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉంది. మామ పోయాక లైసెన్సు మా ఆయన గంగాధర్ పేరు మీదికి వచ్చింది. దానితో పాటు మామ పట్టింపు కూడా వచ్చింది. ఆయుధపూజలో తుపాకీని ఖాళీగా పెట్టకూడదట. కలశం నిండుగా ఉండాలి, వడ్ల గుమ్మి నిండుగా ఉండాలి, తుపాకీ కూడా నిండుగానే ఉండాలి. మామలాగే మా ఆయనా ఏటా లోపల ఒక తూటా పెట్టి, బంతిపూలు వేసి, హారతి అయ్యాక తీసేసేవాడు. తూటా ఉందని తెలిసీ నేను ఆ గొట్టానికి పసుపు రాసి బొట్టు పెట్టేదాన్ని. పెళ్లయి వచ్చిన ఏడాది నుంచీ పెట్టాను. ఎవరినైనా తిట్టే ముందు ఈ మాట నేనే ఒప్పుకోవాలి.

ఆ రోజు హారతి అయ్యాక, తూటా తీయకముందే, మా ఆయన తుపాకీని రెండు చేతులా ఎత్తి కళ్లకద్దుకోబోయాడు. గొట్టం కిందికి ఉంది. వేలు ఎక్కడ ఉండకూడదో అక్కడే ఉంది. తూటా పేలి నేల మీది బండకు తగిలింది. అందులోని సీసపు గుండ్లు, పగిలిన బండ పెచ్చులు కలిసి ఎగిరి నా కాల్లో దిగాయి.

"ఏం గాలె, ఏం గాలె! పెచ్చులే తాకినయ్," అన్నాడు. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. "సావిత్రా, దవాఖానల తుపాకి ముచ్చట తియ్యకు. పోలీసోళ్లకు తెల్సిందంటే లైసెన్సు పోతది. చెరుకంత పందుల పాలైతది."

"నేనేం చెప్ప గని, ముందు బండి తీయ్," అన్నాను.

బోధన్‌లో ఒక చిన్న దవాఖానకు పోయాం. ఏం తాకిందని డాక్టరు అడిగాడు. "బండ మీద సుత్తి పడ్డది సార్, పెచ్చులు ఎగిరినయ్," అని చెప్పింది నేనే. తడుముకోకుండా చెప్పాను. ఆయన గాయాలు కడిగి, టీటీ సూది వేసి, "ఒక ఎక్స్‌రే తీద్దామమ్మా, లోపల ఏమైనా ఉండిపోయిందేమో," అన్నాడు. "పండుగ పూట గవన్ని ఎందుకు సార్, కట్టు కట్టుండ్రి," అన్నాను. ఆయన ఇంకోసారి అడిగాడు. ఇంకోసారీ వద్దన్నాను. ఆ పెద్దమనిషి తప్పు ఇందులో ఇసుమంతైనా లేదు.

సాయంత్రం చేతిలో జమ్మి ఆకు పెట్టడానికి వచ్చిన వాళ్లందరికీ పెచ్చుల కథే చెప్పాను. చెప్పి చెప్పి అదే నిజమని నాకే అనిపించింది. పిక్క మాత్రం రాయిలా గట్టిపడుతోంది. మాత్ర వేసుకున్నా నొప్పి పెరిగిందే తప్ప తగ్గలేదు. తెల్లారి లేచేసరికి నొప్పి లేదు. అమ్మయ్య అనుకున్నాను. పండక్కి వచ్చిన మా ఆడబిడ్డ నా పాదం పట్టుకుని, "వదినా, గింత సల్లగున్నదేంది?" అంది. వేళ్లు నేరేడు పండు రంగుకు తిరిగాయి. ఆమె గిల్లుతోంది, నాకు తెలియడం లేదు. వెంటనే బండి తీసి నిజామాబాద్ పెద్ద దవాఖానకు పోయాం.

అక్కడ డాక్టరమ్మ కట్టు విప్పి, పాదం మీద నాడి చప్పుడు వినే డాప్లర్ మిషన్ పెట్టి చాలాసేపు వింది. అందులోంచి ఏ చప్పుడూ రాలేదు. "పల్స్ లేదు. ఏం తాకింది?" అంది. సిగ్గులేకుండా మళ్లీ పెచ్చులే అన్నాను. ఎక్స్‌రే వచ్చాక దాన్ని వెలుగులో పెట్టి చూపించింది. "ఇవి బండ పెచ్చులు కావమ్మా, పెల్లెట్స్. పదకొండు ఉన్నాయి. ఒకటి రక్తనాళం పక్కనే ఉంది. కాలు దక్కాలంటే నిజం చెప్పండి."

మింగలేక కక్కలేక మా ఆయన వైపు చూశాను. అతను గోడ వైపు చూస్తున్నాడు. "తుపాకి మేడం. నిన్న పొద్దుగాల," అన్నాను.

"నిన్ననా?" అంటూనే ఆమె నర్సును గట్టిగా పిలిచింది.

నాళంలో రక్తం గడ్డకట్టింది, పిక్క లోపల ఒత్తిడి పెరిగిపోయింది. దాన్ని కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారట. మోకాలి కింద కాలు తీసేయాల్సి రావచ్చని ఆపరేషన్ కాగితంలో రాసి ఉంది. చదివాకే సంతకం పెట్టాను. ఫేసియాటమీ అని, ఒత్తిడి తగ్గేందుకు పిక్కకు రెండు వైపులా పొడుగ్గా కోసి తెరిచి ఉంచారు. నాళం బాగుచేశారు.

ఆపరేషన్ అయిందనగానే ఇక గండం గడిచిందని చుట్టాలు ఫోన్లు చేశారు. ఇల్లు అలకగానే పండుగవుతుందా? నాలుగో రోజు జ్వరం పట్టుకుంది. గుండుతో పాటు లోపలికి పోయిన చీర పీలిక చీము పట్టింది. మళ్లీ థియేటర్. డాక్టరమ్మ రోజూ వచ్చి నా కాలిగోరు నొక్కి, రంగు చూసి, మాట్లాడకుండా పోయేది. ఆమె మాట్లాడకపోతే నాకు ముద్ద దిగేది కాదు. రెండు వారాలకు చిటికెన వేలు, దాని పక్క రెండు నల్లబడి ఎండిపోయాయి. "ఇవి మూడూ ఇక రావమ్మా. మిగతా పాదం నిలబెట్టాలని చూస్తున్నాం," అంది. ఆ మూడూ తీసేశారు.

మరునాడు ఎస్సై వాంగ్మూలానికి వచ్చాడు. తుపాకీ గాయమని తెలిస్తే దవాఖాన వాళ్లు పోలీసులకు చెప్పాల్సిందే; చేరిన రోజే చెప్పారు, నేను మాట్లాడేలా అయ్యేదాకా ఎస్సై ఆగాడు.

"ప్రమాదం సార్. చెయ్యి జారింది," అన్నాడు మా ఆయన.

ఎస్సై రాయడం ఆపాడు. "చెయ్యి జారితే జారింది. తూటా గూడ దానంతట అదే లోపటికి పోయిందా?"

మా ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "చెప్పవేంది? నా వేళ్లు పోయినంక గూడ లైసెన్సే గావాల్నా నీకు?" అని వార్డంతా వినపడేలా అరిచాను.

"నేనే పెట్టిన సార్," అన్నాడు చివరికి. "తీయకముందే ఎత్తిన. వేలు గూడ నాదే." అని మంచం కోడు పట్టుకుని ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు, ఉన్నమాట చెప్పాలంటే.

చుట్టాలు ఇప్పటికీ గ్రహచారం అంటారు. నడుస్తున్న బండి బ్రేకు తెగితే గ్రహచారం అనుకోవచ్చు. తూటా ఉన్న తుపాకీని ఇంట్లో మనిషి ముందు ఎత్తితే గ్రహచారం ఏం చేస్తుంది? నా అబద్ధానికీ గ్రహచారంతో పని లేదు. ఒక పగలు, ఒక రాత్రి నా చేతులారా నేనే పోగొట్టుకున్నాను.

ఇప్పుడు కేసు నడుస్తోంది, తుపాకీ పోలీసుల దగ్గరే ఉంది. చేను చుట్టూ కంచె వేశాం. పందులు అప్పుడప్పుడు దూరుతూనే ఉన్నాయి. పిక్కకు తొడ చర్మం తీసి స్కిన్ గ్రాఫ్ట్ చేశారు. రోజూ పాదానికి నూనె రాసి వ్యాయామం చేయించేది మా ఆయనే. గుండ్లు నాలుగు ఇంకా లోపలే ఉన్నాయి. ఎమ్మారై తీసేటప్పుడు ముందే చెప్పాలన్నారు. వేళ్లు పోయిన చోట ఒరుసుకోని చెప్పుతో చేను గట్టుదాకా నడుస్తున్నాను.

తుపాకీ ఉన్న ఇంటివాళ్లు తూటా తీసి, తెరిచి చూసుకుని, ఆ తర్వాతే ముట్టుకోవాలని ఎవరైనా చెప్తారు. నేను చెప్పేది ఇంకొకటి. ఏం తాకిందో మొదటి డాక్టరుకే, మొదటి మాటగా చెప్పండి. లైసెన్సు పోతే పోనీ, కేసయితే కానీ.

మొన్న చెకప్‌కు పోతే క్యాజువాల్టీలో ఒకాయన చేతికి తువాల చుట్టుకుని కూర్చున్నాడు. "గడ్డి కోసే మిషన్ల పడ్డది సార్," అంటున్నాడు డాక్టరుతో. అతని చెంప మీద నల్లటి మసి చుక్కలున్నాయి. గడ్డి మిషన్ మసి చల్లదు. పక్కన భార్య కొంగు నోట్లో కుక్కుకుని నేల చూస్తోంది. నేను కుంటుకుంటూ పోయి ఆమె ముందు చెప్పు విడిచాను.

"చెల్లె, నేను గూడ గిట్లనే చెప్పిన. ఒక్క దినమే దాసిన. నా కాలు సూడు."

ఆమె నా పాదం చూసింది. తర్వాత మొగుడి చెయ్యి చూసింది.

"నాటు తుపాకి సార్. చేతులనే పగిలింది," అంది.

మొగుడు కొరకొరా చూశాడు. డాక్టరు అప్పటికే ఎక్స్‌రేకు రాస్తున్నాడు.