నేను అన్న కానీ

మద్రాసులో లా పరీక్షలు రాసి ఇంటికొచ్చాక, ఫలితాలు రాకముందే, నల్ల కోటు కుట్టించుకుందామనుకున్నాను. ప్లీడరు కావడానికి ఇంకా చదువు మిగిలే ఉంది. అయినా ఆ కోటులో నన్ను ఊరంతా చూడాలని ఆత్రం.

విడవలూరు బజారులో ఒక దర్జీ సాయిబు ఉండేవాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. చొక్కాలూ లాగులూ కుట్టడంలో మంచి పేరు, కోటు మాత్రం ఎన్నడూ కుట్టి ఎరగడు. "నెల్లూరు పోయి గుడ్డ తెచ్చి కుట్టేదా అబ్బయా?" అని అడిగి, మజూరీతో సహా ఎంతవుతుందో చెప్పాడు. నేను గోడమీది అద్దంలో ముఖం చూసుకుంటూ "కానీ" అన్నాను. చేతులు పైకెత్తి నిలబడ్డాను. ఛాతీ కొలుస్తుంటే ఊపిరి బిగబట్టాను.

"గాలి వదులబ్బయా. గాలికి గూడా గుడ్డ కొనాలంటే నా వల్ల గాదు," అన్నాడు.

మూడు వారాలకు ఫలితాలొచ్చాయి. తప్పాను. అన్నిటికంటే తక్కువ మార్కులు ఒప్పందాల చట్టంలో. పరీక్ష తప్పినవాడు ఊళ్ళో ఎలాగో తిరగగలడు, తప్పి నల్ల కోటున్నవాడు తిరగలేడు అనిపించింది. నాన్న ఇచ్చిన డబ్బు జేబులోనే ఉంది. నాకు కావలసింది ఆ కోటు లేకుండా పోవడం.

అంగడికి వెళ్ళేసరికి కోటు కొయ్యకు వేలాడుతోంది. గుడ్డ అతను సొంత డబ్బు పెట్టి తెచ్చాడు. నేను తీసుకోకపోతే అదంతా మునిగినట్టే. కార్తీకంలో కూడా చొక్కా విప్పుకుని కూర్చునే మా సముద్రపు ఊళ్ళలో ఆ కోటు ఇంకెవరు కొంటారు? ఇదంతా తెలిసే నోరు తెరిచాను.

"అన్నా, మనకు అసలు ఒప్పందమే కుదరలేదు."

"కుదరకుండానే కుట్టినానా?"

"ఒకరు అడగాల, రెండోవాళ్ళు పూర్తిగా ఒప్పుకోవాల. నేను 'కానీ...' అని ఇంకేదో చెప్పబోతున్నా. నువ్వు టేపు తీసినావు."

మన భాషలో ఆ మాటకు 'జరగనీ' అనీ అర్థమే, 'అయితే' అనీ అర్థమే. పరీక్ష హాల్లో రాని తెలివి అంగట్లో వచ్చింది.

"ఏదో చెప్పబోయేవోడు చేతులెత్తి చంకలు కొలిపిచ్చుకుంటాడా?" అన్నాడు సాయిబు.

"బయానా కూడా ఇవ్వలేదు. ప్రతిఫలం లేని ఒప్పందం చెల్లదు."

"నీ మాట మీద గుడ్డ కొనుక్కొచ్చినా గదా. అది ఏ ఫలం?"

పక్కన టీ అంగడి ఆయన గ్లాసులు కడుగుతూ అంతా వింటున్నాడు. "అబ్బయా, ఆ పొద్దు కొలతలైనాక నా కాడికొచ్చి 'ఒక టీ కానీ' అన్నావు. పోసినా, తాగినావు. అది ఏ కానీ?"

టీ అంగడి బెంచీమీద కూర్చున్నవాళ్ళు నవ్వారు. "నయాపైసలొచ్చినాక పాత కానీ బిళ్ళలు యాడ చెల్లుతాయిలే," అన్నాడు వాళ్ళలో ఒక రైతు.

నా దగ్గర ఇంకొక్కటే మిగిలింది. "ఆ రోజు నా మతి సరిగా లేదు. మతి లేనివాడి ఒప్పందం కూడా చెల్లదు."

"ఇది మాత్రం ఒప్పుకుంటా," అన్నాడు సాయిబు. తను మాత్రం నవ్వలేదు. కోటు కొయ్యమీంచి తీశాడు. "చట్టం నాకు తెలీదు. ఒక్కసారి వేసుకో. ఒంటికి కుదరకపోతే నేనే విప్పేసి పిల్లోళ్ళకు లాగులు కుడతా."

వేసుకున్నాను. నా ఒంటికి అచ్చుపోసినట్టు కుదిరింది. నా కుడి భుజం ఎడమదానికంటే కాస్త కిందికి ఉంటుంది. అద్దంలో రెండూ సమానంగా కనిపించాయి. సాయిబు నా చెవి దగ్గరకు వంగి, బెంచీమీద వాళ్ళకు వినపడకుండా అన్నాడు: "ఆ పక్క లోపల దూది పెట్టినా. ఎవురికీ చెప్పలేదులే."

నేనేమో అతని గుడ్డ ముంచడానికి ఒక మాటను రెండుగా చీల్చుకుంటూ నిలబడ్డాను. అతనేమో నా వంకరను దూదితో దాచి, ఆ సంగతి కూడా దాచాడు. జేబులోంచి డబ్బు తీసి ఇచ్చాను. అతను తీసుకోలేదు.

"డబ్బు సరే. ఆ పొద్దు నేను తప్పు విన్నానా? అది చెప్పు ముందు."

బెంచీమీద వాళ్ళంతా వింటున్నారు. డబ్బు ఇవ్వడం కంటే అది చెప్పడం కష్టమైంది.

"లేదన్నా. కుట్టమనే అన్నా."

అప్పుడు డబ్బు తీసుకుని, లెక్కపెట్టకుండా మిషను సొరుగులో వేశాడు. "కానీ..." అని ఆగి, నా కాలరు సర్దసాగాడు. ఆ ఎండలో, ఆ కోటులో, మెడమీంచి చెమట కారుతుంటే, ఆ తర్వాత ఏం అంటాడోనని నిలబడ్డాను.

"కానీ ఏందన్నా?"

"ఏం లేదబ్బయా." టీ అంగడి వైపు తిరిగాడు. "అన్నా, రెండు టీలు. మా ప్లీడరు దగ్గర డబ్బులు ముందే తీసుకో."