డాబా మీద హోల్డాన్

ఆయన కండక్టరుగా రిటైరై చాలాకాలమైంది. బస్సు ఆయన్ని వదిలింది గాని ఆయన బస్సును వదల్లేదు. ఇంట్లో మంచం జరపాలన్నా "రైట్, రైట్" అంటాడు, చాలనుకుంటే "హోల్డాన్" అంటాడు. వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ ఆయన హోల్డానే. భార్యకు కూడా అదే భాష అలవాటైంది. ఇంకో రకంగా చెప్తే ఆయన తలకెక్కదు మరి.

ఆ సాయంత్రం వాళ్లమ్మాయి మొదటిసారి టీవీలో వాతావరణ వార్తలు చదవబోతోంది. ఇన్నాళ్లూ వేరేవాళ్లు చదివేది రాసిపెట్టిన పిల్ల. రోజూ చదివే ఆవిడకు గొంతు పోవడంతో వంతు వచ్చింది. "చూస్తావుగా నాన్నా?" అని ఫోనులో అడిగింది. "చూడకుండా ఎలా ఉంటానమ్మా!" అన్నాడు. తీరా టీవీ పెడితే బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయి, కాసేపు కొట్టుకుని, సిగ్నల్ లేదని చెప్పి ఊరుకుంది.

పక్కింటావిడ పిట్టగోడ మీదుగా తొంగిచూసింది. "అన్నయ్యగారూ, మా ఇంట్లో చూడండి, పెద్ద టీవీ."

"మా పిల్లను చూసుకోడానికి మీ ఇంటికి రావాలా అమ్మా?" అన్నాడాయన. మర్యాదగానే అన్నాడు. ఆవిడకు అలా వినబడలేదు.

టీవీ ఆపి మళ్లీ వేశాడు. వెనక వైరు విప్పి, తడి ఉందేమోనని తువ్వాలుతో తుడిచి బిగించాడు. లాభం లేక డాబా ఎక్కితే సంగతి తెలిసింది. వీధి చివర కొత్త మేడ లేచింది, దాని నెత్తిన నీళ్ల ట్యాంకు. యాంటెన్నా సరిగ్గా ఆ ట్యాంకు మొహంలోకి చూస్తోంది. కాస్త పక్కకు తిప్పితే సరిపోతుంది.

పాత టీవీలో బొమ్మ మసకమసకగా తేలుతూ వచ్చేది, దగ్గరపడుతున్నామని తెలిసేది. ఈ డిజిటల్ బొమ్మ అలా కాదు. వస్తే పూర్తిగా వస్తుంది, అదీ కొంచెం ఆలోచించుకుని వస్తుంది. అందాకా తిప్పినవాడు ఆగాలి. కండక్టరు ఎందుకాగుతాడు? హోల్డాన్ వినబడనంతవరకు బండి కదలాల్సిందే. కింద భార్యకు బొమ్మ కనబడి, "హోల్డాన్!" అని అరిచేలోపు పైన ఆయన ఆ చోటు దాటిపోయేవాడు. "వెనక్కి, వెనక్కి!" అనేది. వెనక్కీ అదే స్పీడులో దాటిపోయేవాడు. ఇలా తిప్పగా తిప్పగా యాంటెన్నా గొట్టాన్ని పట్టి ఉంచే బోల్టు మర అరిగి చేతిలోకి ఊడొచ్చింది. చప్పుడు చెయ్యకుండా జేబులో వేసుకున్నాడు.

చివరికి ఆవిడే ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. "మీకో దండం. కాస్త తిప్పి, నేను పలికేదాకా ఆగండి."

"ఊరికే ఆగితే జనం తిడతారే."

"ఇక్కడ జనాన్ని నేనొక్కదాన్నే. తిట్టను. ఆగండి."

ఆవిడ దిగిపోయింది. ఆయన తిప్పి ఆగాడు. ఒంటికి కారం రాసుకున్నట్టున్నా ఆగాడు. మళ్లీ తిప్పి మళ్లీ ఆగాడు.

"హోల్డాన్! వచ్చిందండీ! మన పిల్లే! తొందరగా దిగి రండి!"

చెయ్యి వదిలాడు. గాలికి గొట్టం గిర్రున తిరిగింది. "అయ్యో, పోయింది!" అని కింద గోల. పట్టుకుని సర్ది ఆగాడు. "వచ్చింది!" అంది. ఇంకోసారి వదిలి చూశాడు, ఇంకోసారి పోయింది. పట్టుకుంటేనే బొమ్మ. ఇంటిల్లిపాదిలో కూతుర్ని చూడలేనివాడు తనొక్కడే అని అప్పుడు అర్థమైంది. చాలా బాధేసింది.

"నేనిక్కడే ఉంటా. నువ్వు చూసి చెప్పవే!" అని కేకేశాడు.

ఆవిడ కిటికీలోంచి వీధంతా వినబడేలా చెప్పడం మొదలుపెట్టింది. "పిల్ల తడబడుతోందండీ... ఆఁ, సర్దుకుంది... నవ్వుతోంది!"

"ఏమంటోంది?"

"ఇవాళ మన ఊళ్లో ఆకాశం నిర్మలంగా ఉంటుందంట! వాన సూచనే లేదంట!"

చినుకులు అప్పటికే మొదలయ్యాయి. చూస్తుండగానే జోరందుకున్నాయి. పక్కింటావిడ ఆరేసిన బట్టలకోసం గొడుగేసుకుని తన డాబా ఎక్కింది. ఈయన్ని చూసి కంగారుపడింది. "అన్నయ్యగారూ, దిగండి! ఇంత వానలో ఏమిటది?"

ఆయన రెండు చేతులతో గొట్టాన్ని అలాగే పట్టుకుని, కళ్లలోకి కారుతున్న నీళ్లను భుజానికి తుడుచుకుని ఆవిడకేసి చూశాడు.

"వాన లేదమ్మా. మా అమ్మాయి ఇప్పుడే చెప్పింది."