సలీం మామూ పట్టిన బంతి

నిన్న గవర్నరుపేటలో ఒక షాపు ముందు వేలాడుతున్న గోల్‌కీపర్ గ్లవ్స్ చూశాను. ఆ కొత్త రబ్బరు వాసనకి మా సలీం మామూ గుర్తొచ్చాడు.

దేశమంతటికీ కలిపి కొత్త ఫుట్‌బాల్ లీగ్ పెట్టిన ఏడాది మీకు గుర్తుందా? అందులో ఒక జట్టులో మా అమ్మ తమ్ముడు సలీం మామూకి చోటు దొరికింది. రెండో గోల్‌కీపర్. మొదటి అతనికి దెబ్బ తగిలితే తప్ప ఆడే అవకాశం లేదు. టీవీలో మ్యాచ్ వచ్చిన ప్రతిసారీ నానీ, అంటే మా అమ్మమ్మ, చాప పరిచి, స్టెబిలైజర్ ఆన్ చేయించి, బెంచీ మీద కూర్చున్న కొడుకు కోసం వెతికేది.

సీజన్ ఆఖరి మ్యాచ్‌లో మొదటి కీపర్ కుంటుతూ బయటికొచ్చాడు. మామూ లేచి నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మళ్ళీ వచ్చేసరికి వార్తలు చదువుతున్నారు. నానీ ఆ పూట అన్నం తినలేదు.

వారం తర్వాత మామూ రైలు దిగి ఇంటికొచ్చాడు.

"ఆడావంట్రా?" అంది నానీ, మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా.

"పది నిమిషాలు ఆడానమ్మా. బంతి ఒక్కసారే వచ్చింది. పట్టుకున్నా."

"ఎట్టా పట్టుకున్నావు?"

"కుడివైపుకి దూకి."

నానీ మంచం మీది దిండు తీసింది. "మేం చూళ్ళేదుగా. చూపించు" అంటూ పక్కకి గట్టిగా విసిరింది.

మామూ ఇస్త్రీ ప్యాంటుతోనే సిమెంటు గచ్చు మీద దూకి దిండు పట్టుకున్నాడు. మోచెయ్యి గీసుకుపోయింది. మేమంతా చప్పట్లు కొట్టాం.

నానీ కొట్టలేదు. దిండు కోసం చెయ్యి చాపి, "ఇంకోసారి" అంది.