గుప్పెడు శెనక్కాయల కొసరు

మా నాయన చిల్లకూరులో రోడ్డు పక్కన చిల్లర అంగడి పెట్టుకొని మమ్మల్ని పెంచాడు. ఆయన తూకం వేసే పద్ధతి ఒకటుంది. ఎనిమిదేళ్లకే అది నాకు పట్టుబడింది. చివరి గుప్పెడు కందిపప్పు తక్కెడలో మెల్లగా వేయకూడదు, మూరెడు ఎత్తు నుంచి పోయాలి. పళ్లెం దబ్బున కిందికి దిగుతుంది. ముల్లు ఇంకా ఊగుతుండగానే పళ్లెం ఎత్తి పొట్లంలో గుమ్మరించాలి. కొనేవాళ్లు "ముల్లు ఆగనీయి సామీ" అనేలోపు వాళ్ల బిడ్డ చేతిలో నాలుగు వేయించిన శెనక్కాయలు పెట్టాలి. అది కొసరు. కొసరు చేతిలో పడ్డాక తక్కెడ వైపు చూసిన మనిషి మా అంగడికి ఎన్నడూ రాలేదు.

ఇంత విద్య నేర్చినదాన్ని తీసుకెళ్లి కొడవలూరులో వరి పండించుకునే మనిషికి ఇచ్చారు. ఆయనకు బేరమాడడమంటే సిగ్గు. చేపలామె ఎంత చెబితే అంత ఇచ్చి వచ్చేవాడు. నేను ఆమె గంపను వీధి మలుపు దాకా వెంటాడి ఇంకో రెండు చేపలు లాక్కొచ్చేదాన్ని. "నిన్ను చూస్తే సచ్చిన చేప కూడా జడుసుకుంటాదిమే" అనేవాడు. ఆయనకున్న యావ ఒక్కటే, అన్నం. తన మళ్లో పండిన సన్నబియ్యం, మూడు పూటలా. ఇడ్లీలు పెడితే తినేసి, "సరే, ఇంక కూడు పెట్టు" అనే రకం.

యాభై దాటాక షుగరు బయటపడింది. మాత్రలు వేసుకుంటూ అన్నం తన మానాన తను తినేవాడు. నాలుగేళ్లు గడిచేసరికి అరికాళ్లు మొద్దుబారాయి. మడిలోంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ, "నీళ్లు వెచ్చగా ఉండాయా, చల్లగా ఉండాయా మే?" అని నన్ను అడిగేవాడు. మొదట్లో ఎగతాళి అనుకున్నాను. కాదని తెలిసిన రోజు నెల్లూరుకు తీసుకెళ్లాను.

డాక్టరు పాదాల మీద పుల్లతో గీసి చూసి, చక్కెర ఇలాగే ఉంటే చిన్న గాయమైనా మానదు, కాలు దక్కించుకోవాలంటే తిండి అదుపులో పెట్టండి అన్నాడు. మా ఆయన అంతా విని, "నాట్లకి మళ్లోకి దిగొచ్చు గదా సార్?" అని అడిగాడు. ఆయనకు కాలు ఉన్నది అందుకే.

తిండి సంగతి చెప్పడానికి పక్క గదిలో ఒక అమ్మాయి ఉంది. బల్ల మీద రబ్బరుతో చేసిన అన్నం ముద్ద, రబ్బరు ఇడ్లీలు పెట్టుకొని కూర్చుంది.

"అన్నం ఒట్టిగా తింటే గబగబా చక్కెరై రక్తంలో కలుస్తుందక్కా. దాంతోపాటు శెనక్కాయలో బాదమో జీడిపప్పో తింటే, వాటిల్లో ఉండే నూనె, మాంసకృత్తులు, పీచు అడ్డం పడతాయి. చక్కెర నిదానంగా ఎక్కుతుంది. అన్నం సగానికి తగ్గించి, ఆ జాగాలో ఒక గుప్పెడు పప్పులు పెట్టండి. ఉప్పు, బెల్లం వద్దు."

"సగం గాదులేమ్మా, ముప్పావు చేసుకో" అన్నాను.

ఆమె ఒక్క క్షణం తెల్లబోయి, తరువాత నవ్వింది. "నేనిక్కడ అమ్మడానికి కూర్చోలేదక్కా."

"పోనీ రాత్రికి సగం చేస్తా. మధ్యాన్నం పొలం పని ఉంటాది, చూడు..."

"నాతో బేరమాడితే ఏం లాభం? ఆయన ఒంట్లో చక్కెర ఒప్పుకోవద్దా?"

మా ఆయన తల వంచుకొని కూర్చున్నాడు. ఆస్పత్రిలో కూడా బేరమా అని ఆయన బాధ.

వేలు గుచ్చి చూసే మిషను కొన్నాం. అన్నం మొదటి ముద్ద నోట్లో పెట్టిన రెండు గంటలకు చూడాలని ఆ అమ్మాయి చెప్పింది. మొదటి వారం నేను నిజాయితీగానే చూశాను. ఒక రోజు ఒట్టి అన్నం, మరుసటి రోజు సగం అన్నమూ గుప్పెడు వేయించిన శెనక్కాయలూ. రెండో రోజు అంకె బాగా తగ్గింది. పండక్కి తగ్గింపు ధరలో చీర దొరికినంత సంబరపడ్డాను. వాకాడు వైపు ఇసుక నేలల్లో పండిన శెనక్కాయలు బస్తా తెప్పించి, కూర్చుని ఒలిచాను.

ఆయనకు మాత్రం అది శిక్షగా ఉండేది. "దూడకు దాణా పెట్టినట్టు పెడతా ఉండావే" అంటూ ఒక్కొక్క పప్పే నమిలేవాడు. కంచంలో అన్నం అయిపోయాక వేళ్లు కంచం మీదే పెట్టుకొని కూర్చునేవాడు. అడిగేవాడు కాదు. అడిగితే నేను కాదనేదాన్నే. అడగకుండా కూర్చునేసరికి ఒకరోజు నేనే నోరు జారాను.

"ఇంకో గుప్పెడు శెనక్కాయలు తిను. ఒక గరిటె అన్నం పెడతా."

ఆయన ముఖం వెలిగిపోయింది. అదే నేను చేసిన తప్పు. అన్నం తీసేసిన చోట పెట్టమన్న పప్పుల్ని అన్నానికి ధరగా మార్చేశాను. పప్పులు అడ్డం పడతాయి కదా, ఆ అడ్డం చాటున ఒక గరిటె దాటించవచ్చు అనుకున్నాను. ఒక గరిటె రెండైంది. నెల తిరిగేసరికి కంచంలో అన్నం మళ్లీ మునుపటంతే ఉంది, పక్కన శెనక్కాయలు అదనంగా ఉన్నాయి.

రెండు గంటలకు చూస్తే అంకె పెరిగింది. అప్పుడు నాలోని అంగడిదాని బుద్ధి పనిచేసింది. చక్కెర నిదానంగా ఎక్కుతుందని ఆ అమ్మాయే చెప్పింది కదా. అయితే పూర్తిగా ఎక్కకముందే చూస్తే సరి. ముప్పావు గంటకే వేలు గుచ్చడం మొదలుపెట్టాను. మంచి అంకె వచ్చేది. దాన్ని పుస్తకంలో రాసి, "చూడు, ఎంత బాగుందో" అని ఆయనకు చూపించేదాన్ని. ఆయన తలూపేవాడు. నేను ఎవరిని మోసం చేస్తున్నానో అప్పుడు ఎవరైనా అడిగి ఉంటే, డాక్టరునే అని చెప్పి ఉండేదాన్నేమో.

మళ్లీ నెల్లూరు వెళితే, మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్ష చేశారు. ఆ కాగితమూ నా పుస్తకమూ పక్కపక్కన పెట్టుకొని ఆ అమ్మాయి చాలాసేపు చూసింది. చక్కెర తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది.

"ఎప్పుడు చూస్తున్నారక్కా?"

నేను పుస్తకం వెనక్కి తీసుకోబోయాను. జీవితంలో ఒక్క అబద్ధం ఆడని మనిషి, చేపలామె దగ్గర ఒక్క రూపాయి తగ్గించమని అడగని మనిషి, తలెత్తి, "రెండు గంటలకేనమ్మా" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో చెప్పాడు. "ముప్పావు గంటకే గుచ్చతా ఉంటివి. నాకు గడియారం చూడను రాదనుకుంటివా?"

"తెలిసి ఎందుకు ఊరుకున్నావయ్యా?"

"కూడు పెడతా ఉంటివి గదా మే" అన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఆ సాయంత్రమే చూశాను ఆయన కాలిని. బొటనవేలి కింద నత్తగుల్ల కోసుకొని ఎన్నాళ్లయిందో, నల్లబడి ఉంది. ఆయనకు నొప్పే తెలియలేదు. మొదట ఆ వేలు తీశారు. నెల తిరక్కుండానే మోకాలి కింది దాకా తీశారు. నా గరిటెల వల్లేనా అని డాక్టరును అడిగాను. "ఏళ్ల తరబడి జరిగిందమ్మా, ఇన్ని గరిటెల వల్లని ఎవరూ చెప్పలేరు" అన్నాడు. నా మనసు కుదుటపడడానికి అన్నాడని తెలుసు. అయినా ఆ మాట పట్టుకునే ఇంతకాలం బతికాను.

ఆ తరువాత ఆ అమ్మాయి చెప్పింది చెప్పినట్టు చేశాను. సగం అన్నం, దాని జాగాలో శెనక్కాయలు, కూరలు ఎక్కువ. గడియారం ఎదురుగా పెట్టుకొని రెండు గంటలు ఆగి చూసేదాన్ని. అంకె దిగింది. మూడు నెలల పరీక్ష కూడా ఈసారి నా పుస్తకంతో కలిసింది.

నాట్ల రోజు వచ్చింది. గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసి ఆయన్ను కూర్చోబెట్టాం. ఆడవాళ్లు వంగి, వెనక్కి అడుగులేస్తూ నాట్లు వేస్తున్నారు. ఆయన కన్నంతా వాళ్ల పిక్కల దాకా ఎక్కిన బురద మీదే ఉంది. మధ్యాహ్నం క్యారియరు విప్పి సగం అన్నం, గుప్పెడు శెనక్కాయలు పెట్టాను. తినేసి కంచంలో వేళ్లు పెట్టుకొని కూర్చున్నాడు. ఈసారి అడిగాడు.

"ఇంకో గరిటె పెట్టుమే."

"వద్దయ్యా. ఇప్పుడిప్పుడే దారికొస్తా ఉంది."

"ఎవరికోసం ఇంక? దక్కించుకోవాల్సిన కాలు యాడుంది?"

"ఇంకోటి ఉంది గదా" అన్నాను.

ఆయన నవ్వాడు. "బేరం వదలవు గదా నువ్వు" అని, రెండు పప్పులు నోట్లో వేసుకొని మడి వైపు తిరిగాడు. ఆ గరిటె నేను పెట్టలేదు.

కోతలకు ముందే ఒక తెల్లవారుజామున గుండె ఆగి పోయాడు. రెండో కాలు నిక్షేపంగా ఉంది.

పెట్టకూడనప్పుడు పెట్టిన గరిటెలు ఎన్నో నాకు గుర్తు లేదు. ఆ రోజు పెట్టనిది మాత్రం కళ్ల ముందే ఉంది. క్యారియరు అడుగున మిగిలిన ఆ అన్నాన్ని, మూత బిగించి ఇంటికి తెచ్చి, కోళ్లకు వేశాను.