మూసాపేటను దోమను చేసిన పటం

సైన్‌బోర్డులు రాసే పెంటయ్య మాదాపూర్‌లోనే పుట్టి పెరిగాడు. గుట్టలు పగలగొట్టి కంప్యూటర్ కంపెనీల గుండ్రటి మేడ లేపిన కొత్తలో, దానికి ఎదురుగా టీ హోటల్ పెట్టిన కిష్టమ్మ అతన్ని పిలిచి, "పక్క గోడ బోడిగున్నది కొడుకా, ఏదన్న గియ్యి. జనం ఆగి చూడాలె" అంది.

పెంటయ్య ప్రపంచపటం గీశాడు. గోడలో మూడొంతులు మాదాపూరే. కొండంత మేడ, దాని నీడలో నెమరేస్తున్న గేదె, గేదె తోక చివర చార్మినార్. బాచుపల్లి ఒక ద్రాక్షగుత్తి. జీడిమెట్ల ఫ్యాక్టరీల కంపుకు ముక్కు మూసుకున్న మనిషి. ఓ మూల పల్లిగింజంత అమెరికా, దాని పక్కన "మాదాపూర్ దాటినంక ఎడమకు" అని దారి. మూసాపేట దగ్గరికి వచ్చేసరికి, అత్తగారి ఊరు కదా, చెయ్యి ఊరుకోలేదు. ఒక దోమను గీసి కింద పేరు రాశాడు.

ఇందులో పెంటయ్య కొత్తగా చేసిన నేరమేమీ లేదు. తన ఊరిని నడుమ పెట్టుకోవాలని ఏ పటం గీసేవాడికి ఉండదు? మన పౌరాణికులు జంబూద్వీపాన్ని నడుమ పెట్టుకుని, పాలసముద్రాన్నీ పెరుగుసముద్రాన్నీ కూడా అవతలివాళ్లకు వదిలేశారు. గర్వం ముందు పాలెంత, పెరుగెంత! అయితే వాళ్లెవరికీ పక్క ద్వీపంలో బావమరిది లేడు.

పెంటయ్యకు ఉన్నాడు. భార్య కళ్యాణికి ఒక్కగానొక్క తమ్ముడు మహేందర్, మూసాపేటలో సైకిల్ షాపు. వచ్చే ఆదివారం పెంటయ్య బిడ్డ పింకీకి చెవులు కుట్టించాలి. మేనమామ ఒడిలో పిల్లను కూర్చోబెట్టనిదే కంసాలి తీగ పట్టడు.

పిలవడానికి పెంటయ్య వెళ్తే, మహేందర్ ట్యూబును నీళ్లలో ముంచి బుడగలు చూస్తున్నాడు. తల ఎత్తలేదు.

"దోమకు ఒడి ఉంటదా బావ? పిల్లను ఏడ కూసోవెడ్తవ్?"

"నవ్వులాటకు గీసిన రా."

"నోటితో అను, పడ్త. లగ్గమైనప్పటిసంది పడ్తనే ఉన్న. గిది గోడ మీదున్నది. మా గల్లీల నేను కనవడ్తే చప్పట్లు కొడ్తున్నరు, దోమ వాలిందని."

సంగతి విని కళ్యాణి ఒకే మాట అడిగింది. "మరి నీ పటంల నేనేడున్న? రెక్క కిందనా?" ఆ తర్వాత కంచం ముందు పెట్టి అటు తిరిగి కూర్చుంది.

దోమను చెరిపేస్తానంటే కిష్టమ్మ గరిటె ఎత్తింది. "ముట్టినవంటే చెయ్యి ఇరుగుతది. ఇంజినీర్లు దోమను చూసెతందుకే వస్తున్నరు."

చాయ్ తాగుతున్న ఇంజినీరొకడు, "చెరపకండి పెంటయ్యగారూ. మా భీమవరం కూడా వెయ్యండి. ఎంత చిన్నదైనా పర్లేదండి, దోమ కంటే ఓ పిసరు పెద్దదైతే చాలు" అన్నాడు.

పెంటయ్య మళ్లీ మూసాపేట వెళ్లాడు. ఈసారి మహేందర్ షరతు పెట్టాడు. "అది అట్లనే ఉండనియ్యి. నా షాపు గోడ మీద ఇంకోటి గియ్యి. నీ చేత్తోనే. మాదాపూర్ ఎంతుండాల్నో నేను చెప్త."

శనివారం పెంటయ్య ఆ గోడకు నిచ్చెన వేశాడు. మూసాపేట గోడంత సైకిల్ చక్రమైంది, ఢిల్లీ ఒక పుల్ల, లండన్ ఒక పుల్ల. మాదాపూర్ వంతు రాగానే గల్లీ అంతా మూగింది. నల్లిని గీశాడు.

"పెద్దగైంది బావ."

తుడిచి చీమను గీశాడు.

"ఇంక."

ఒక చుక్క పెట్టాడు. పుట్టిన ఊరు. దాన్ని కాసేపు చూసి, పక్కన పేరు రాయబోయాడు.

"పేరెందుకు?" అన్నాడు మహేందర్.

"పేరు లేకుంటే ఎవని ఊరని నవ్వుతరు?"

ఆ మాట మహేందర్‌కు న్యాయంగానే తోచింది. పెంటయ్య మంచి ఎర్రరంగు తీసుకుని, నీడ కూడా వేసి, జానెడు అక్షరాలతో రాశాడు.

ఆదివారం పింకీ మేనమామ ఒడిలో కూర్చుంది. తీగ దిగగానే కెవ్వుమని అరిచి అతని బొటనవేలు కొరికింది. రెండో చెవి అయ్యేదాకా మహేందర్ వేలు వెనక్కి తీసుకోలేదు.