గుండయ్య జీపు, మల్లవ్వ ఉయ్యాల గొలుసులు

కొత్తవాడ జంపఖానాల నేత సంఘం వారు తమ ప్రత్యేక సంచికలో, ముప్పై ఒకటో పుటలో, ఇలా అచ్చు వేయించారు: “పాలకవర్గపు దూరదృష్టి వల్ల సంఘం ట్రాలీకి నేటివరకు ఒక్క ప్రమాదమైనా జరగలేదు.” సంచికలో అధ్యక్షుడు సాంబమూర్తి ఫొటోలు ఏడున్నాయి. ట్రాలీ ఫొటో ఒకటుంది. ఆ ట్రాలీని లాగిన జీపు డ్రైవరు గుండయ్య పేరు మాత్రం అచ్చుతప్పుగానైనా ఎక్కడా పడలేదు. కాగితాలు భద్రంగానే ఉన్నాయి గనుక, జరిగినది జరిగినట్లు చెప్పుకోవలసి వస్తున్నది.

గుండయ్యది పాలంపేట దగ్గరి పల్లె. తండ్రి ఎడ్లబండి తోలేవాడు. కొడుకు స్టీరింగు పట్టుకున్నా, చెవిలో మాత్రం ఆ బండి ఇరుసు చప్పుడే ఉండేది. 1979 నాటికి అతడు సంఘం పాత జీపును ఆరేళ్లుగా నడుపుతున్నాడు. ఆ ఆరేళ్లూ తాత్కాలిక ఉద్యోగే. డిసెంబరు సమావేశంలో అతణ్ణి ఖాయం చేస్తారో, ఇంటికి పంపుతారో తేలుస్తామన్నారు. సరిగ్గా ఆ ఏడే, జంపఖానా కట్టలను కాజీపేట స్టేషనుకు చేరవేయడానికి సంఘం రెండు చక్రాల ట్రాలీ ఒకటి తెచ్చింది. ట్రాలీ వచ్చింది కాని, దాన్ని తగిలించడానికి జీపు వెనుక కొక్కెం లేదు.

మట్టెవాడలో వెల్డింగు చేసే కట్టయ్య జీపు చుట్టూ ఒకసారి తిరిగి పని తేల్చేశాడు.

“బంపర్‌కే రెండు టాకాలు ఏస్త. పొద్దుగూకకముందే తీస్కపో.”

“బంపర్ సోకుకున్నది కట్టన్నా, లాగుడుకు కాదు,” అన్నాడు గుండయ్య. “చాసీకి బిగియ్యాలె. లోపట మందం పట్టీ పెట్టి, బోల్టుకు రెండేసి నట్లు ఎయ్యాలె. ట్రాలీ తగిలిస్తే నేలకు సమంగ నిలవడాలె. మూతి పైకి లేవద్దు, కిందికి వాలద్దు.”

“నీ పెండ్లప్పుడు గిన్ని జాగర్తలు చూసుకున్నవా?”

“అప్పుడు చూసుకోలే. గందుకే ఇప్పుడు చూస్తాన.”

కొక్కెం రెండు రోజులలో చాసీకే బిగిసింది. తరువాత గుండయ్య సంఘానికి ఒక అర్జీ పెట్టుకున్నాడు: కొక్కెం ఊడినా ట్రాలీ విడిపోకుండా రెండు ఇనుప గొలుసులు కావాలి, ట్రాలీని జీపుకు కలిపే నొగ కింద వాటిని అడ్డంగా ఒకదాని మీదుగా ఒకటి వేయాలి, అట్లా వేస్తే నొగ జారినా నేలను గుచ్చుకోక గొలుసుల మీదనే ఆగుతుంది. “కొక్కెం ఉండగా గొలుసులు దుబారా” అని నాలుగు మాటలలో జవాబు వచ్చింది. నాలుగు మాటలకు సాంబమూర్తి సంతకం చేసి, కింద ముద్ర కూడా వేయించాడు.

ఆ ఆదివారం గుండయ్య తన ఇంటి టేకు ఉయ్యాలను కిందికి దించాడు. దాని గొలుసులు అతని భార్య మల్లవ్వ పుట్టింటివి, బొటనవేలంత లావు.

“బండికి గొలుసులు, నాకు తాడా?” అన్నది మల్లవ్వ.

“తాడు తెగితే నువ్వు మోకాలెత్తు నుంచి పడ్తవ్. ట్రాలీ తెగితే రోడ్డు మీది మంది మీద పడ్తది.”

“నేను పడితే ఫికరు లేదన్నట్టు.”

“జర ఓపిక పట్టు. ఖాయమైనంక కొత్తయి తెస్త.”

“ఆరేండ్ల సంది ఇంట్ల అన్నీ గా ఖాయం కోసమే ఆగినయి,” అని మల్లవ్వ తాడు వెతకడానికి లోపలికి వెళ్లింది.

అక్టోబరు పదకొండున మొదటి లోడు. లోడు బాధ్యత సారయ్యది. నలభై ఏళ్లు మగ్గం గుంటలో కూర్చున్న మనిషి. కొత్తవాడలో అతని మాటకు ఎదురు లేదు. అతడు పెద్ద జంపఖానా కట్టలన్నీ ట్రాలీ వెనుక అంచుకు వేయించి, చిన్నవి ముందుకు వేయిస్తున్నాడు. గుండయ్య వచ్చి చూశాడు.

“సారన్నా, బరువు ముందరికి రావాలె.”

“నీకు మగ్గం సంగతేం ఎరుక గుండన్నా? పడుగు బిగువుగ ఉండాల్నంటె ఎనుక బరువు కట్టాలె. ఎనుక బరువుంటే నీ ట్రాలీ గూడ బిగువుగ వస్తది, ఊగది.”

“మగ్గం ఉన్నకాడ్నే ఉంటది. ఇది ఉరుకుతది. బండికి ఎనుక బరువైతే కాడి లేస్తది, ఎడ్ల మెడకు ఉరి పడ్తది.”

“ఏడున్నయి ఎడ్లు? జీపుకు మెడెక్కడ ఉన్నదో చూపియ్యి.”

చుట్టూ ఉన్న నేతగాళ్లందరూ నవ్వారు. బరువు గురించి ఒకరికి మగ్గం నేర్పింది, ఇంకొకరికి బండి నేర్పింది. ఎవరిదీ విని తెలుసుకున్న విద్య కాదు, అందుకే ఎవరూ తగ్గలేదు. తగువు సాంబమూర్తి దాకా పోయింది. ఆయన కూడా మగ్గం మీద నుంచి వచ్చినవాడే.

“రాసియ్యండి సారూ, అట్లనే తీస్కపోత,” అన్నాడు గుండయ్య.

సాంబమూర్తి రాసిచ్చాడు: “బరువైన కట్టలు వెనుకనే ఉంచవలెను. డ్రైవరు అభ్యంతరము అనవసరము.” గుండయ్య ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కొక్కెం గొళ్లెం వేసి, దాని సీల చూసుకుని, గొలుసులు అడ్డంగా తగిలించాడు. ట్రాలీ వెనుక దీపాన్ని, రెండు చక్రాల గాలిని చూసి స్టీరింగు ముందు కూర్చున్నాడు. సాంబమూర్తి పక్కన, సారయ్య వెనుక కూర్చున్నారు.

ఊరు దాటేవరకు ట్రాలీ బుద్ధిగానే వచ్చింది. కాజీపేట దారిలో ఒక దిగుడు దగ్గర అది తోక ఊపడం మొదలుపెట్టింది. ఎడమకు ఒకసారి, కుడికి ఇంకొంచెం ఎక్కువ. జీపు వెనుక భాగాన్ని ఎవరో ఎత్తి పక్కకు పెడుతున్నట్లు ఉంది.

“బ్రేకెయ్యి, బ్రేకెయ్యి,” అన్నాడు సాంబమూర్తి.

గుండయ్య బ్రేకు వేయలేదు. వేస్తే ట్రాలీ జీపును పక్కకు నెట్టుకొస్తుందని అతనికి తెలుసు. యాక్సిలరేటరు మీది కాలు తీశాడు. స్టీరింగును సూటిగా పట్టుకుని, అటూ ఇటూ తిప్పక, జీపును దానంతట అది నెమ్మదించనిచ్చాడు. ఊపు తగ్గుతుండగా చక్రం గుంతలో పడింది. వెనుక బరువుకు నొగ ఒక్కసారిగా పైకి ఎగిరి, గొళ్లెం విరగగొట్టుకుని, కొక్కెంలోంచి బయటపడింది. పడటం మాత్రం మల్లవ్వ గొలుసుల మీద పడింది. జీపు మెల్లగా ఆగింది. వెనుక ట్రాలీ కూడా, ఉయ్యాలలో పడుకోబెట్టినట్లు, ఒక్క కట్ట జారకుండా ఆగింది.

ముగ్గురూ దిగి చూశారు. గుండయ్య విరిగిన గొళ్లెం చోట ఇనుప బోల్టు దూర్చి, నట్టు బిగించాడు. సారయ్య, ఎవరూ చెప్పకుండానే, పెద్ద కట్టలను ఒక్కొక్కటే ముందుకు జరపసాగాడు. అక్కడి నుంచి స్టేషను దాకా ట్రాలీ గీత గీసినట్లు వచ్చింది. కాని అప్పటికి గూడ్సు వెళ్లిపోయింది.

వారం తిరగకముందే గుండయ్యకు మెమో వచ్చింది: సరుకు ఆలస్యానికి కారణమేమి? అనుమతి లేకుండా సంఘం వాహనానికి గొలుసులు తగిలించడం అవిధేయత ఎందుకు కారాదు? అవిధేయుణ్ణి ఖాయం చేసే నిబంధన సంఘంలో లేదు. ఆ సంగతి మెమో రాసినవారికీ తెలుసు. గుండయ్య జవాబు ఒకటే పుట. దానికి జేబులోని నాలుగు మడతల కాగితం నకలు జతచేశాడు.

డిసెంబరు సమావేశానికి తొమ్మిది మంది సభ్యులు వచ్చారు. గుండయ్యను గుమ్మం దగ్గర నిలబెట్టారు. ఒక సభ్యుడు మెమో చదివి, తర్కం ఇట్లా నడిపాడు: “ప్రమాదమే జరగలేదు గద. జరగని ప్రమాదానికి గొలుసులెందుకు?”

ఇది చాలామందికి సబబుగా తోచింది. సాంబమూర్తి పైకప్పు వాసాలు లెక్కిస్తున్నాడు. ఆ రోజు తాను జీపులో ఉన్నానని ఆయన అనలేదు, లేననీ అనలేదు.

సారయ్య లేచాడు.

“నొగ లేసింది. నా కండ్లతోని చూసిన. ఎనుకకు ఎక్కించింది నేనే. గొలుసులు లేకుంటె గిది సంతాప సభ అయితుండె. ఇగ మీరు ఎట్ల రాసుకుంటరో రాసుకోండ్రి.”

తరువాత తీర్మానం రాశారు. గుండయ్య ఖాయమయ్యాడు. ఇకపై ట్రాలీ లోడు డ్రైవరు చెప్పినట్లే వేయాలని కూడా రాశారు. మెమోను మాత్రం ఉపసంహరించుకోలేదు; అది నేటికీ ఫైలులో ఉంది. గొలుసులు వాహనానికి తగిలి ఉన్నందున, వాటిని సంఘం సామాను జాబితాలో చేర్చారు: “ఇనుప గొలుసులు రెండు. ఎవరివో తెలియదు.”

సాయంత్రం గుండయ్య ఉత్తర్వుతోపాటు ఆ జాబితా నకలు కూడా ఇంటికి తెచ్చి చదివి వినిపించాడు. మల్లవ్వ తాడు ఉయ్యాల మీద కూర్చుని విన్నది.

“ఎవరివో తెల్వదా?” అన్నది. “మా నాయిన పేరు చెప్త, రాసుకపో.”

మరునాడు గుండయ్య, గొలుసులు మల్లవ్వ పుట్టింటివని అర్జీ పెట్టాడు. అందినట్లు రసీదు మాత్రం వచ్చింది.